వేలికొస రక్తంతోని రోగం తేలదు

గదువ మీద నాలుగు వెంట్రుకలు మొలిస్తే ‘పెండ్లెట్లయితది’ అని గుసగుసలాడే లోకం మనది. ఆ సిగ్గు మీదనే ఇప్పుడు బేరం నడుస్తున్నది: ఇంట్లనే వేలు గుచ్చుకొని టెస్టోస్టెరాన్ చూసుకునే కిట్లు.

ఈ హార్మోను మగోళ్ల సొత్తేం కాదు, ఆడోళ్ల అండాశయాల్ల గూడ తయారైతది. కాకుంటే చానా తక్కువ. అంత కొంచెం కొలిచేకాడ మామూలు పరీక్షలు లెక్క తప్పుతయి. గర్భం రాకుండ మింగే గోలీలు గూడ అంకెను మారుస్తయి.

పీసీఓఎస్ అనాలంటే నెలసరి తప్పుడు, ఈ హార్మోను ఎక్కువుండుడు, స్కానింగుల అండాశయాల తీరు – ఈ 3 గుర్తుల్ల 2 కనబడాలె. థైరాయిడు అసొంటివి కాదని గూడ చూడాలె.

అందుకే నేననేది: అంకె మంచిగొచ్చిందని ఊకోవద్దు, ఎక్కువొచ్చిందని ఏడ్వొద్దు. నెలసరి తేదీలు రాసుకొని డాక్టరుకు చూపియ్యుండ్రి. గొంతు మగగొంతయితే, వెంట్రుకలు ఉన్నట్టుండి పెరిగితే జాగు చెయ్యొద్దు. గుసగుసలకు జవాబు మనం చెప్దాం, పిల్లను మాత్రం దవాఖానకు తోలుకపోదాం.