ఖాళీని చూడటం: కొలతా, వాస్తవికతా

బొమ్మ వేయడం కేవలం చేతి నేర్పని చాలామంది అనుకుంటారు. సాహిత్యంలో శిల్పం గురించి కూడా ఇలాంటి అభిప్రాయమే ఉంది. బొమ్మలు నేర్చుకుంటూ, నేర్పుతూ నేను గమనించింది వేరు. చెయ్యి కంటే ముందు అడ్డుపడేది మనసులో పేరుకుపోయిన ‘తెలిసినతనం’. వాస్తవికత గురించి చర్చించుకునే రచయితలకు పనికొస్తుందని ఈ విషయాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముఖం వేయమంటే కొత్తవాళ్లు కళ్లను తలలో బాగా పైన పెడతారు. నిజానికి పెద్దవాళ్లలో నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు దాదాపు సగంలో ఉంటాయి. కళ్లూ, ముక్కూ, నోరూ ముఖ్యమని మనసు ముందే తీర్మానించుకుంది. అందుకే నుదుటికీ నెత్తికీ దక్కవలసిన చోటు దక్కదు. అంటే వాళ్లు వేసింది ఎదుటి మనిషిని కాదు, ‘మనిషి’ అనే మాటకు తమ మనసులో ఉన్న గుర్తుని.

దీన్నుంచి బయటపడటానికి రెండు సాధనాలున్నాయి. ఒకటి కొలత. మోచెయ్యి వంచకుండా చెయ్యి చాచి, పెన్సిల్ నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూడాలి. పెన్సిల్ కొనను ఎదుటి మనిషి నడినెత్తికీ, బొటనవేలిని గడ్డానికీ సరిపెడితే ఒక ‘తల’ కొలత దొరుకుతుంది. దానితో మొత్తం ఎత్తు లెక్కించాలి. పెద్దవాళ్లు సాధారణంగా 7 నుంచి 7½ తలల ఎత్తుంటారు. ఏడాది పిల్లలు 4 తలలకు కాస్త అటూ ఇటూ.

రెండోది ఖాళీ. చిత్రకారులు నెగెటివ్ స్పేస్ అంటారు. వస్తువుని కాక, దాని చుట్టూ, దాని మధ్యా ఉన్న ఖాళీల ఆకారాన్ని గీయడం. మెడమీదా వీపుమీదా బస్తా మోస్తున్న హమాలీని చూడండి. బస్తాని పట్టుకున్న చేతికీ తలకీ మధ్య ఒక త్రికోణం. రెండో చేతికీ నడుముకీ మధ్య సన్నని చీలిక. వీటికి పేర్లు లేవు. పేరు లేనిదానికి మనసు దగ్గర తయారుగా గుర్తూ ఉండదు. కాబట్టి కన్ను చూసిందే చెయ్యి గీస్తుంది. ఖాళీ అంచూ మనిషి అంచూ ఒకటే గీత గనక, ఖాళీలు సరిగా పడితే మనిషి ఏర్పడతాడు.

మనిషికి మెడ ఉంటుందని తెలిసినవాడు మెడ గీస్తాడు. ఖాళీని చూసినవాడికి బస్తాకీ భుజానికీ మధ్య చోటు మూసుకుపోయిందని తెలుస్తుంది. ఆ మూసుకుపోవడంలోనే బరువుంది. ‘పాపం, ఎంత బరువో’ అనే వ్యాఖ్య అక్కర్లేదు.

ఈ అభ్యాసాలకు 1979లో వచ్చిన బెట్టీ ఎడ్వర్డ్స్ పుస్తకం బాగా ప్రచారం తెచ్చింది. మెదడు కుడిభాగాన్ని మేల్కొలపడమని ఆమె చెప్పిన వివరణ అంత సూటిగా నిలబడేది కాదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అభ్యాసం మాత్రం పనిచేస్తుంది.

అయితే ఇక్కడొక ప్రశ్న వస్తుంది. కొలత సరిపోతే వాస్తవికత అయిపోయినట్టేనా? కాదు. ఫోటోకి కూడా కొలత ఉంటుంది. 1943 బెంగాల్ కరువును చిత్తప్రసాద్, జైనుల్ ఆబెదిన్ చిత్రించారు. చిత్తప్రసాద్ ‘హంగ్రీ బెంగాల్’ ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని నాశనం చేసింది. ఆబెదిన్ చౌక కాగితం మీద నల్లసిరాతో వేసిన చాలా బొమ్మల్లో మనుషుల వెనక దాదాపు ఏమీ లేదు. ఆ ఖాళీ కాగితం అలంకారం కాదు. ఆ మనుషులకు మిగిలిన లోకం అదే. వాళ్ల గీత కొలతను దాటిపోతుంది. కానీ ఎండిన చేతికీ డొక్కకీ మధ్య ఖాళీ ఎంత పెరిగిందో చూసిన కన్నే అలా దాటగలదు. చూడకుండా దాటితే మిగిలేది అతిశయోక్తి.

పాశ్చాత్య పాఠ్యగ్రంథాల్లో ఆదర్శ పురుషుణ్ణి 8 తలల ఎత్తున గీయమంటారు. మన కథల్లో కూడా ఈ 8 తలల రైతు, 8 తలల కార్మికుడు తరచూ కనిపిస్తున్నారు. వాళ్లమీద రచయితలకు ప్రేమ ఉంది, సందేహం లేదు. కానీ ఆ ఎత్తు ఎదుటి మనిషిని కొలిచి తెచ్చింది కాదు, సూత్రం నుంచి తెచ్చింది. అసలు మనిషిని పట్టిచ్చేవి అతనికీ యజమానికీ మధ్య దూరం, మొగుడూ పెళ్లాల మధ్య మాట్లాడని మాట, కూలిడబ్బులకీ కిరాణాబాకీకీ మధ్య తేడా. ఇవి అతని గుణాలు కావు, అతని చుట్టూ ఉన్న సంబంధాలు. వాటి అంచు సరిగా గీస్తే అతని అంచు దానంతటదే తేలుతుంది.

ప్రజల పక్షాన నిలబడటం ప్రజల్ని చూడటానికి బదులు కాదు. పక్షం తేల్చుకున్న రచయితే మరింత కచ్చితంగా కొలవాలి.