సాలెగూడు పచ్చబొట్టు

సాలెగూడు పచ్చబొట్టు అనగా సాలీడు అల్లే గూటి ఆకారాన్ని, సూదితో చర్మంలోకి సిరా ఎక్కించి వేసే పచ్చబొట్టు. ఇది ఎక్కువగా మోచేతిపైన, మెడపైన, భుజంపైన కనిపిస్తుంది. ఇరవయ్యవ శతాబ్దంలో అమెరికా, సోవియట్ యూనియన్ జైళ్ళలో ఖైదీల గుర్తుగా పేరుపడిన ఈ నమూనా, తరువాతి కాలంలో పంక్ సంగీతాభిమానుల ద్వారాను, పచ్చబొట్టు దుకాణాల ద్వారాను సామాన్య ప్రజలలోకి వచ్చింది. ఒకే బొమ్మకు ఒక్కొక్క చోట ఒక్కొక్క అర్థం ఉండడం, వాటిలో కొన్ని పొడిపించుకున్నవారికే చేటు తెచ్చేవి కావడం దీని ప్రత్యేకత. పువ్వులు, పక్షుల బొమ్మల విషయంలో ఈ చిక్కు ఇంతగా ఉండదు.

ఆకారం

తోటలో కనబడే గుండ్రని సాలెగూటికి, పచ్చబొట్టులోని గూటికి కొంత తేడా ఉంది. నిజమైన గూటిలో మధ్య నుండి బండిచక్రపు ఆకుల వలె పోగులు బయటికి వెళ్తాయి. వాటి మీదుగా జిగురు గల పోగు చుట్లు చుట్లుగా తిరుగుతుంది. పచ్చబొట్టులో ఆ చుట్లకు బదులుగా, ప్రతి రెండు ఆకుల మధ్య కేంద్రం వైపు వంగిన విల్లు వంటి గీతలు వేస్తారు. దూరం నుండి చూసినా అది సాలెగూడేనని పోల్చుకోవడానికి ఈ వంపే ఆధారం.

మోచేతికి ఈ నమూనా బాగా అమరుతుంది. మోచేతి మొన గూటికి కేంద్రమవుతుంది. చేయి ముడిచినపుడు గీతలు విచ్చుకుంటాయి, చాచినపుడు ముడుతలలో దగ్గరపడతాయి. అందుచేత తరచు చేయి ముడిపించి నమూనాను అచ్చు వేస్తారు. అయితే అక్కడి చర్మం గరుకుగా, ఎముకను అంటి ఉంటుంది కాబట్టి నొప్పి ఎక్కువ. సిరా కూడా సమంగా నిలవదు. కొన్ని గీతలు వెలిసిపోవడం, కొన్ని అలుక్కుపోవడం సాధారణం. మానిన తరువాత రెండవసారి సరిదిద్దించుకొనేవారు చాలామంది.

అమెరికా పాత పద్ధతి పచ్చబొట్లలో లావు నల్లగీతలతో గూడు వేసి, గడుల మధ్య ఎరుపు, పసుపు రంగులు నింపడం ఉంది. భుజం మీద గూటిలో ఒక మూల భాగం మాత్రమే వేయడం, దారానికి వేలాడే సాలీడును చేర్చడం, పుర్రె లేక గులాబీ చుట్టూ అల్లడం ఇతర రకాలు. చేయి నిండా బొమ్మలున్నవారు వాటి నడుమ మిగిలిన ఖాళీని పూరించడానికి కూడా సాలెగూడు వాడతారు. అటువంటి చోట దానికి వేరే అర్థం వెదకడం వృథా.

జైళ్ళలో అర్థం

కదలిక లేని చోట సాలీడు గూడు కడుతుంది. వాడని ఇంటి మూలలకు బూజు పట్టడం మనకు తెలిసినదే. అమెరికా జైళ్ళలో ఈ బొమ్మకు చెప్పే అర్థం ఇదే: బల్లపై మోచేతులు ఆనించి ఖైదీ ఎంతకాలం కూర్చున్నాడంటే, ఆ మోచేతులకే గూడు పట్టింది. కాబట్టి ఇది దీర్ఘకాల శిక్షకు గుర్తు. గూటిలోని ఒక్కొక్క చుట్టు ఒక్కొక్క సంవత్సరమని చెప్పడం కూడా ఉంది కానీ, దానిని అంతటా పాటించే నియమంగా తీసుకోరాదు. వలలో చిక్కుకున్న పురుగు తానేనని, అనగా చట్టానికో, వ్యసనానికో చిక్కానని చెప్పుకోవడం మరొక అర్థం.

జైలులో పచ్చబొట్టు నిషిద్ధం కావడంతో, పనిముట్లను ఖైదీలు తామే తయారుచేసుకొనేవారు. టేపురికార్డరు మోటారు, కలం గొట్టం, సూదిగా సానబెట్టిన గిటారు తీగ కలిపితే యంత్రం. ఏదైనా కాల్చి పట్టిన మసే సిరా. ఒకే సూది, ఒకే రంగు కావడం వలన గీతలు సన్నగా, నలుపు బూడిద ఛాయలలో ఉండేవి. చార్లీ కార్ట్‌రైట్, జాక్ రూడీ 1975లో తూర్పు లాస్ ఏంజిలస్‌లో తెరిచిన దుకాణం ఈ జైలు పద్ధతికి బయట వృత్తి గౌరవం తెచ్చింది. ఈనాడు సన్నగీతల సాలెగూడును ముచ్చటపడి వేయించుకొనేవారిలో చాలామందికి ఆ సన్నదనం పేదరికం నుండి వచ్చిందని తెలియదు.

సోవియట్ జైళ్ళలో పచ్చబొట్టు ఒక విధమైన గుర్తింపు పత్రం. ఖైదీ చేసిన నేరం, పడిన శిక్షలు, దొంగలలో అతని అంతస్తు శరీరం మీద చదువుకోవచ్చును. వీటిని గురించి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగం దాన్సిగ్ బల్దాయెవ్ (1925-2005) కృషి ఫలితం. లెనిన్‌గ్రాడ్‌లోని క్రెస్తీ జైలులో కాపలాదారుగా 1948లో చేరిన ఇతడు, దశాబ్దాల పాటు ఖైదీల పచ్చబొట్లను చూసి బొమ్మలుగా గీసి పెట్టాడు. ఆ సేకరణ 2003 నుండి ఆంగ్లంలో సంపుటాలుగా వెలువడింది. ఈ సంప్రదాయంలో పైకి పాకే సాలీడు దొంగతనం మానని వానికి, కిందికి దిగే సాలీడు ఆ వృత్తి విడిచినవానికి గుర్తని చెబుతారు. గూటి మధ్యలోని సాలీడుకు మాదకద్రవ్యాల వ్యసనమనే అర్థం ఉంది. అర్హత లేని గుర్తును వేసుకొన్నవానిని తోటి ఖైదీలు క్రూరంగా శిక్షించేవారు. బొమ్మను బలవంతంగా చెక్కి తీసివేయించిన సందర్భాలూ ఉన్నాయి.

ద్వేష చిహ్నంగా

అమెరికా జైళ్ళలోని కొన్ని శ్వేతజాతి దురహంకార ముఠాలలో, ఇతర జాతివారిని చంపినవానికి మోచేతిపై గాని చంక వద్ద గాని సాలెగూడు పొడిచేవారని ద్వేష చిహ్నాలను పరిశీలించేవారు పేర్కొన్నారు. గూడు ఉన్న ప్రతివానిని హంతకుడనో జాత్యహంకారి అనో అనుకోవడం పొరపాటు. అత్యధికులకు ఈ అర్థం ఉన్నదనే తెలియదు. కానీ అమెరికాలో పోలీసులు, జైలు అధికారులు ముఠా సభ్యులను గుర్తించడానికి పచ్చబొట్లను కూడా ఒక ఆధారంగా నమోదు చేస్తారు. అక్కడ చదువుకో ఉద్యోగానికో వెళ్ళే మన విద్యార్థులకు ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

1970ల చివరలో బ్రిటన్‌లోని పంక్, స్కిన్‌హెడ్ యువకులు సాలెగూడును మెడపైన, కొందరైతే ముఖంపైన కూడా వేయించుకున్నారు. చొక్కా కింద దాగని చోట వేయించుకోవడమే అక్కడి ఉద్దేశం. మర్యాదస్తుల ఉద్యోగం తమకు అక్కరలేదని దాని తాత్పర్యం.

కథలలో సాలెగూడు

జైలుతో సంబంధం లేని అర్థాలను చాలామంది పురాణాల నుండి తెచ్చుకుంటారు. గ్రీకు కథలో నేతలో దేవతతో పోటీపడి సాలీడుగా మారిన అరాక్నే, పశ్చిమాఫ్రికా అకాన్ ప్రజల కథలలో జిత్తులమారి అనాన్సీ ఇందుకు ఉదాహరణలు. ఉత్తర అమెరికాలోని ఒజిబ్వే ప్రజలు పసిపిల్లల ఊయెలకు కట్టే వల సాలెగూటిని పోలి ఉంటుంది. చెడును పట్టి ఆపడం దాని పని.

తెలుగువారికి ఇంతకంటే దగ్గరి కథ శ్రీకాళహస్తిలో ఉంది. ఆ పేరులోని 'శ్రీ' అనగా సాలెపురుగు, 'కాళము' పాము, 'హస్తి' ఏనుగు. సాలీడు శివలింగానికి తన పోగులతో గుడి కట్టిందని, శివుడు పరీక్షించదలచి దీపజ్వాలతో దానిని కాల్చగా, ఆ మంటను మింగబోయి మోక్షం పొందిందని స్థలపురాణం. పదహారవ శతాబ్దపు ధూర్జటి రచించిన శ్రీకాళహస్తి మాహాత్మ్యములో ఈ కథ విపులంగా ఉంది. ముండకోపనిషత్తులో సృష్టి పుట్టుకకు సాలీడు పోగును పోలికగా చెప్పారు. ఈ విధంగా చూస్తే సాలెగూడు బంధనం కాదు, భక్తి. అయితే పల్లెలలో చుక్కలు, తేలు, పేర్లు పొడిచే మన పాత పచ్చబొట్టు పద్ధతికి, యంత్రంతో వేసే ఈ నమూనాకు సంబంధం లేదు. కాళహస్తిని తలచుకొని వేయించుకున్న గూటిని లాస్ ఏంజిలస్‌లో చూసినవారు అలా చదవరు. బొమ్మ పక్కన శివలింగమో, దీపమో ఉంటే తప్ప ఇక్కడివారు కూడా చదవలేరేమో.

చర్మంలో, నిబంధనలలో

సిరా పైపొరలో కాక దాని కింది చర్మపొరలో నిలుస్తుంది. అక్కడి భక్షక కణాలు రంగు రేణువులను మింగి ఉంచుకుంటాయి. ఆ కణం చనిపోతే విడుదలైన రంగును మరొక కణం అందుకుంటుందని ఫ్రాన్సులోని మార్సెయ్ శాస్త్రజ్ఞులు 2018లో ఎలుకలపై ప్రయోగాలతో చూపారు. పచ్చబొట్టు చెరగకపోవడానికి కారణం ఇదే. లేజరు కిరణాలు రేణువులను ముక్కలు చేసి, శరీరం వాటిని తొలగించుకొనేలా చేస్తాయి. నల్లసిరా ఇతర రంగుల కంటే సులభంగా పోతుంది, అయినా పలుమార్లు చేయించుకోవాలి, ఖర్చు వేయించుకున్నదానికి మించుతుంది. శుభ్రం చేయని సూదుల వలన హెపటైటిస్ బి, సి వంటి వ్యాధులు సోకవచ్చును. అందుకే భారతదేశంలో పచ్చబొట్టు పొడిపించుకున్నవారి నుండి 12 నెలల పాటు రక్తం స్వీకరించరు.

సైన్యంలో చేరదలచినవారు బొమ్మతో పాటు స్థలాన్ని కూడా చూసుకోవాలి. భారత సైన్యపు నియామక నిబంధనల ప్రకారం శాశ్వత పచ్చబొట్టు ముంజేతి లోపలి వైపున, అనగా మోచేతి లోపలి మడత నుండి మణికట్టు వరకు, ఇంకా చేతి వెనుక భాగాన మాత్రమే ఉండవచ్చును. ఆచారం ప్రకారం పచ్చబొట్లు వేసుకొనే గిరిజనులకు సడలింపు ఉంది. ఈ నమూనాకు పేరుపడిన మోచేతి మొన, మెడ, భుజం మూడూ అనుమతించిన చోట్లకు వెలుపలివే.