చీనా పింగాణీ కోసం డెల్ఫ్ట్ కుమ్మరుల తపన

1605లో మచిలీపట్నం రేవుకు వచ్చిన డచ్చి ఓడ పేరు ‘డెల్ఫ్ట్’. గోల్కొండ రాజ్యంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ వ్యాపారానికి నాంది పలికింది అదే. ఇక్కడి బట్టలు కొని తూర్పు దీవుల్లో సుగంధద్రవ్యాలకు మార్చుకోవడం వాళ్ల వ్యాపార సూత్రం. ఆ సముద్రాల నుంచే చైనా పింగాణీ కూడా హాలండుకు చేరేది. ఓడకు పేరిచ్చిన ఊరే తర్వాత ఆ పింగాణీకి పోటీగా నిలిచింది.

‘డెల్ఫ్ట్’ మచిలీపట్నం రావడానికి రెండేళ్ల ముందు డచ్చివాళ్లు ‘సాంతా కతరీనా’ అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నారు. 1604లో దానిలోని సరుకును ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే, తెల్లటి పింగాణీపై నీలి బొమ్మలు చూసి ఐరోపా మురిసిపోయింది. 1644లో మింగ్ వంశం కూలి చైనా అంతర్యుద్ధంలో పడేసరికి సరఫరా తగ్గింది, గిరాకీ మాత్రం తగ్గలేదు. డెల్ఫ్ట్‌లో బీరు వ్యాపారం దెబ్బతిని ఖాళీ అయిన భవనాల్లోకి కుమ్మరులు చేరారు.

చిక్కంతా మన్నుతోనే. పింగాణీకి కేయోలిన్ అనే తెల్లమన్ను, 1300 డిగ్రీల సెల్సియస్ దాకా సెగ కావాలి. అప్పుడే మన్ను సగం గాజై, పలచటి అంచులోంచి వెలుతురు కనిపిస్తుంది. డెల్ఫ్ట్ దగ్గర ఆ మన్ను లేదు. వాళ్లు వాడిన సున్నపు పాలెక్కువున్న మన్ను సుమారు 1000 డిగ్రీల దగ్గరే కాలాలి, అంతకు మించిన సెగను తట్టుకోదు.

మన్ను సెగను తట్టుకోవడమెంత గొప్ప విషయమో ఉత్తర తెలంగాణకు బాగా తెలుసు. నిర్మల్, కోనసముద్రం ప్రాంతాల కమ్మర్లు వడ్ల ఊక కలిపిన మట్టి మూసల్లో ఇనుమును కరిగించి ఉక్కు తీశారు. ఆ ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు కోనసముద్రం దాకా వచ్చేవారు. మూస పగిలితే ఉక్కు నేలపాలే. పింగాణీ ఆవానికి కావలసిన దాన్ని మించిన వేడిని ఆ మూసలు తట్టుకున్నాయి.

డెల్ఫ్ట్ కుమ్మరులు మన్నును మార్చలేక పైపూతను నమ్ముకున్నారు. సీసం, ఇసుక కలిసిన గాజుపూతలో తగరపు భస్మం వేస్తే అది పాలలా తెల్లబడి గోధుమరంగు మన్నును కప్పేస్తుంది. ఈ కిటుకు 9వ శతాబ్దంలో ఇరాక్‌లోని బస్రా కుమ్మరులది. వాళ్లదీ చీనా తెలుపు మీది మోజే.

ఒకసారి కాల్చిన పాత్రను పూతలో ముంచి ఆరబెట్టి, కాల్చకముందే దానిపై కోబాల్ట్ రంగుతో బొమ్మ వేస్తారు. కొత్తగా సున్నం వేసిన గోడలా ఆ పూత రంగును వెంటనే పీల్చేస్తుంది. గీసిన గీత చెరిపి దిద్దడానికి వీల్లేదు. ముందు సన్నని ముదురు గీతలతో అంచులు గీసి, లోపల లేత నీలం నింపేవారు. పైన పలచని పారదర్శక పూత చల్లి రెండోసారి కాలిస్తే నీలం నిగనిగలాడేది. ఇంతటి చేతి నైపుణ్యాన్ని ఉత్త నకలు అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

1710లో జర్మనీలోని మైసెన్‌లో అసలు పింగాణీ తయారీ మొదలైంది. తర్వాత గట్టిగా, చవగ్గా ఉండే ఇంగ్లండు మీగడరంగు పాత్రలు రావడంతో డెల్ఫ్ట్ ఆవాలు ఒక్కొక్కటే చల్లారాయి. 17వ శతాబ్దపు కార్ఖానాల్లో 1653 నాటి ‘డి పోర్సిలేన్ ఫ్లెస్’ ఒక్కటే నేటికీ నడుస్తోంది.

పాత పళ్లెం ఏ దేశానిదో అంచనా వేయాలంటే పెచ్చు ఊడిన అంచు చూడాలి. లోపలా తెల్లగా, గట్టిగా ఉంటే అసలు పింగాణీ, చైనాది కావచ్చు. గుల్లగా, పసుపు మన్ను కనబడితే డెల్ఫ్ట్‌ది కావచ్చు.