ట్రెక్కింగ్ షూ, టెంట్, బ్యాగు: రిటర్న్ గడువులో ఏం చూడాలి, వారంటీలో ఏం చదవాలి?

సికింద్రాబాద్ నుంచి మీ హోస్ట్‌ని. పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, టెంట్ కొని, ఒక ట్రిప్ వేసి, తర్వాత రిటర్న్ పెడితే తీసుకుంటారా?" దీనికి సమాధానం చివర్లో చెప్తా. ముందు నా షూ కథ వినండి.

ఒక సేల్‌లో ట్రెక్కింగ్ షూ కొన్నా. 4,299 రూపాయలు. సగం రేటు కదా అని ఎగబడి కొన్నా. ఒకసారి తొడిగి చూసి, డబ్బాలో పెట్టి, సజ్జ మీద పడేశా. అప్పుడు ఉద్యోగం, రిలీజులు, నైట్ షిఫ్టులు. ట్రెక్‌కి టైమెక్కడిది? పద్నాలుగు నెలల తర్వాత ఒక ఏప్రిల్ ఆదివారం, నాన్నతో కలిసి భువనగిరి కోటకి బయల్దేరా. సికింద్రాబాద్‌లో రైలెక్కితే గంటలో దిగిపోతాం. మలావత్ పూర్ణ తెలుసుగా, 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయి, ఆమె రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నది ఆ గుట్ట మీదే.

ఎక్కడం బానే ఎక్కాం. దిగేటప్పుడు ఎడమ కాలి సోల్ మడమ దగ్గర నోరు తెరిచింది. పది మెట్లు దిగేసరికి మొత్తం ఊడి చేతికొచ్చింది. ఇంకో పది నిమిషాలకి రెండోది కూడా. పొద్దున పదకొండు, కింద ఒకటే బండ, పెనంలా కాలుతోంది. నాన్న ఏమీ అనలేదు. తన చెప్పులు విప్పి నాకిచ్చి, మెడలో తువ్వాలు చింపి కాళ్ళకి చుట్టుకుని దిగాడు. ఇంటికొచ్చి చూస్తే అరికాలంతా బొబ్బలు. నాలుగు రోజులు సరిగ్గా నడవలేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వారంటీ ఆరు నెలలే, అయిపోయింది అన్నారు. బాగా కోపమొచ్చింది. కానీ కార్డు తీసి చదివితే నిజంగానే అలా రాసుంది. నేను కొన్న రోజు చదవలేదు, అంతే.

సోల్ ఎందుకు ఊడింది?

మోండా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకి చూపించా. సోల్‌ని వేలితో నొక్కితే బిస్కెట్‌లా పొడి రాలింది. "బాబూ, గమ్ము తప్పు కాదు. లోపలి సరుకే చచ్చిపోయింది. దేనికి అతికించాలి?" అన్నాడు.

తర్వాత చదివితే తెలిసింది, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చాలా ట్రెక్కింగ్ షూలలో మధ్య పొర పాలీయురేథేన్‌తో చేస్తారు. గాలిలో తేమ కొన్నేళ్ల పాటు దాన్ని లోపల్నుంచి విరగ్గొడుతుంది. దీన్నే హైడ్రాలసిస్ అంటారు. వాడినా వాడకపోయినా ఇది జరుగుతుంది. వాడకుండా డబ్బాలో మూసి పెడితే ఇంకా నష్టం. ఈవీఏ అనే ఇంకో రకం ఫోమ్‌కి ఈ జబ్బు రాదు, కానీ అది వాడేకొద్దీ అణిగిపోతుంది.

ఇంకో సంగతి. ఆ డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం ప్రింట్ చేసి ఉంది. నేను కొనేనాటికే అది మూడున్నరేళ్ల పాత స్టాక్. సగం రేటుకి ఎందుకిచ్చారో అప్పుడర్థమైంది. ప్యాక్ చేసిన సరుకు మీద ఆ తేదీ వేయాలన్నది రూలు. పాలపొడి డబ్బా మీద తేదీ చూస్తాం, షూ డబ్బా మీద చూడం!

రిటర్న్ గడువు అంటే టెస్టింగ్ టైమ్

నా పాత ఉద్యోగం భాషలో చెప్తా. కోడ్ ప్రొడక్షన్‌కి వెళ్ళకముందే టెస్ట్ చేస్తాం కదా. రిటర్న్ గడువు కూడా అలాంటిదే. వచ్చిన రోజే మొదలుపెట్టండి. ట్యాగులు తీయొద్దు, మరక పడనీయొద్దు, అంతా ఇంట్లోనే చేయండి.

షూ: సాయంత్రం పూట వేసి చూడండి, అప్పటికి కాళ్ళు కొంచెం ఉబ్బుతాయి. మందం సాక్సు వేసుకుని ఇంటి లోపలే అరగంట నడవండి. ఇంట్లో మెట్లుంటే ఎక్కి దిగండి. దిగేటప్పుడు వేళ్ళు ముందు తగిలితే ఆ సైజు మీది కాదు. మధ్య పొరని బొటనవేలితో నొక్కండి. సన్నటి పగుళ్ళు కనిపిస్తే వెంటనే రిటర్న్.

బ్యాగు: పది కిలోల బియ్యం ప్యాకెట్ పెట్టి మోయండి. భుజం పట్టీ బ్యాగుకి కలిసేచోట చూడండి, చిరిగేది అక్కడే. అక్కడ దారం అడ్డంగా దగ్గరదగ్గరగా చాలాసార్లు తిప్పి కుట్టుండాలి. 600 డెనియర్ అని పెద్ద అక్షరాల్లో రాస్తే పడిపోకండి. డెనియర్ దారం మందాన్ని చెప్తుంది, గట్టిదనాన్ని కాదు. మంచి నైలాన్ తక్కువ డెనియర్‌లో కూడా ఎక్కువ కాలం వస్తుంది. జిప్ ఇరవైసార్లు లాగండి, ముఖ్యంగా మూలల్లో.

టెంట్: హాల్లో దుప్పటి పరిచి దాని మీద వేయండి. 2000 ఎంఎం, 3000 ఎంఎం అంటే, అంత ఎత్తు నీటి స్తంభం బరువు పడేదాకా బట్ట కారదని అర్థం. కానీ వాన ముందు దూరేది కుట్ల సందుల్లోంచి. లోపలివైపు ప్రతి కుట్టు మీదా టేప్ ఉందా, ఎక్కడైనా లేచిందా అని ఫోన్ టార్చ్ వేసి చూడండి.

వారంటీ కార్డులో నాలుగు ప్రశ్నలు

ఒకటి, లెక్క ఎప్పట్నుంచి? కొన్న రోజు నుంచే, మీరు వాడిన రోజు నుంచి కాదు. నేను మునిగింది ఇక్కడే. రెండు, ఇచ్చేదెవరు, కంపెనీనా, అమ్మినవాడా? మూడు, దేనికి వర్తిస్తుంది? ఎక్కువగా తయారీ లోపానికే. వాడకంతో అరిగితే ఇవ్వరు. కొత్త బ్యాగు కుట్టు విడిపోతే లోపం, మూడేళ్లకి జిప్ రన్నర్ వదులైతే అరుగుదల. రన్నర్ అయితే బ్యాగులు కుట్టేవాళ్ళ దగ్గర చిన్న ఖర్చుతో మారిపోతుంది. నాలుగు, కొరియర్ ఖర్చు ఎవరిది? "లైఫ్‌టైమ్" అని ఉంటే ఎవరి లైఫ్ అని కూడా చదవండి. చాలాసార్లు అది వస్తువు ఆయుష్షు, మీది కాదు.

బిల్లుని ఆ రోజే ఫోటో తీయండి. షాపులో ఇచ్చే ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లో మాయమైపోతాయి.

చట్టం ఏమంటుంది?

"నచ్చలేదు" అని వెనక్కి ఇవ్వడం షాపువాడు ఇచ్చే సౌకర్యం. లోపం ఉందని వెనక్కి ఇవ్వడం మాత్రం మన హక్కు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోతే అది అక్రమ వ్యాపార పద్ధతి.

ఆన్‌లైన్‌లో కొన్నారా? గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కదలకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఈ-జాగృతి పోర్టల్‌లో ఫోన్ నుంచే వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు. అమ్మినవాడు ఎక్కడున్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న

తమ్ముడూ, దాచకుండా చెప్తా. బీటెక్ థర్డ్ ఇయర్‌లో మేం నలుగురం అదే పని చేశాం. టెంట్ కొని, అనంతగిరిలో ఒక రాత్రి పడుకుని, బురద తుడిచి, "సైజు చాల్లేదు" అని రిటర్న్ ఇచ్చాం. డబ్బులొచ్చాయి, తెలివైనవాళ్ళం అనుకున్నాం.

అమెరికాలో ఎల్.ఎల్.బీన్ అని ఒక కంపెనీ ఉంది. 1912లో మొదటి వంద జతల బూట్లు అమ్మితే, కుట్లు విడిపోయి తొంభై వెనక్కొచ్చాయి. ఆయన అందరికీ డబ్బు తిరిగిచ్చేశాడు. ఎప్పుడైనా వెనక్కి తెచ్చివ్వొచ్చు అన్న ఆ కంపెనీ పేరు వందేళ్లు నిలబడింది. తర్వాత కొందరు పాత సామాన్లలో కొన్న బూట్లు కూడా తెచ్చి డబ్బు అడగడం మొదలుపెట్టారు. 2018లో కంపెనీ ఒక ఏడాది అని గడువు పెట్టేసింది. ఆర్ఈఐ అనే ఇంకో పెద్ద షాపు 2013లోనే ఆ పని చేసింది.

మనం వాడి వెనక్కిచ్చిన టెంట్ ఇంకెవరి దగ్గరికో వెళ్తుంది. వానలో ఆ కుట్టు ఊడితే వాళ్ళకీ మా నాన్న లాంటి వాళ్ళు ఉంటారు. ఒక్క ట్రిప్‌కే అయితే అద్దెకి తీసుకో, లేదా ఫ్రెండ్‌ని అడుగు. లోపం ఉంటే మాత్రం ఒక్క రూపాయి వదలకు.

నాన్నకి ఈమధ్యే షూ కొన్నా. డబ్బా రాగానే ఆయనే కళ్ళజోడు పెట్టుకుని తయారీ తేదీ చదివాడు. రెండు నెలల కిందటిది. "ఇప్పుడు పోదాం పద" అన్నాడు.

మీ ఇంట్లో సజ్జ మీద ఏ షూ ఉంది? ఈ రోజే దింపి ఒకసారి నొక్కి చూడండి, ఏమైందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!