చక్కెర చాటుగా చేయు హాని: నడివయస్సున మూత్రపిండముల రక్షణ

చెరకుతోటల నడుమ పుట్టి పెరిగిన మనకు చక్కెరను గూర్చి వేరొకరు చెప్పవలసినదేమున్నది అనిపించును. కోరంగి మొదలగు రేవులనుండి ఓడలెక్కి మారిషస్ చేరిన మన పూర్వులు చెరకు నరికి, బండ్లకెత్తి, మిల్లులకు చేర్చిరి. వారి చెమటమీదనే మన కుటుంబములు నిలిచినవి. అయినను అదే చక్కెర నెత్తురులో మితిమీరి నిలిచినపుడు ఏమగునో మనలో అనేకులకు సరిగా తెలియదు. పాదమున పుండు మానదని విందుము. చూపు మందగించునని విందుము. మూత్రపిండముల మాట మాత్రము చాల ఆలస్యముగా చెవిని పడును. ఆ ఆలస్యమును తప్పించుటకే ఈ నాలుగు మాటలు.

మన ద్వీపమున 1987వ సంవత్సరము మొదలుకొని ప్రభుత్వము కొన్ని యేండ్లకొకమారు ప్రజల ఆరోగ్యమును పరిశీలింపజేయుచున్నది. వయోజనులలో దాదాపు అయిదుగురికొకరు మధుమేహము గలవారని ఆ పరిశీలనలవలన తెలియుచున్నది. అనగా ఒక రామభజనకు ఏబదిమంది పెద్దలు కూడినచో వారిలో పదిమందికి ఈ వ్యాధి యుండవచ్చును. మధుమేహము గలవారిలో సుమారు మూడవవంతుమందికి జీవితమున ఎప్పుడో ఒకప్పుడు మూత్రపిండములు కొంతయైనను చెడుచున్నవి. భారతీయ సంతతివారికి ఈ వ్యాధి ఇతరులకంటె చిన్న వయస్సుననే, అంత స్థూలకాయము లేకున్నను, వచ్చుచున్నది. కావున నలుబది యేండ్లు దాటిన ప్రతి గృహస్థుడును, గృహిణియు ఈ సంగతి తెలిసికొనవలయును.

వడపోత జరుగు విధము

మూత్రపిండములు నడుమునకు పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల, పిడికిలియంత పరిమాణమున నుండును. ఒక్కొక్కదానిలో దాదాపు పదిలక్షల సూక్ష్మమైన జల్లెడలు గలవు. ప్రతి జల్లెడయు వెంట్రుకకంటె సన్నని రక్తనాళముల గుచ్ఛము. దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము వీనిగుండ వడకట్టబడును. అందులో ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రముగా వెలువడును; మిగిలినదంతయు, అందలి చక్కెరతోను ఉప్పుతోను గూడ, తిరిగి రక్తమున చేరును.

నెత్తురులో చక్కెర హెచ్చినపుడు ఈ యేర్పాటు తారుమారగును. వడకట్టిన ద్రవమునుండి చక్కెరను తిరిగి లాగుకొను నాళములు దానితోపాటు ఉప్పును గూడ అధికముగా లాగుకొనును. నాళపు ఆవలికొనకు ఉప్పు తక్కువగా చేరుటచే, వడపోత చాలలేదని మూత్రపిండము పొరబడి జల్లెడకు వచ్చు రక్తద్వారమును మరింత తెరచును. లోపల ఒత్తిడి పెరిగి, జల్లెడ శక్తికి మించి పనిచేయసాగును. ఏండ్లు గడచినకొలది దాని గోడలు మందమై, రంధ్రములు సడలి, రక్తమున నుండవలసిన ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములోనికి జారును. ఇది మొదటి హెచ్చరిక. అప్పటికిని మేల్కొననిచో జల్లెడలు ఒకటొకటిగా మచ్చగట్టి మూసికొనిపోవును. మూసికొనిన జల్లెడ మరల తెరచుకొనదు; క్రొత్తది పుట్టదు. రక్తపు పోటు గూడ తోడైనచో ఈ నాశనము మరింత వేగముతో సాగును.

నొప్పి లేని నష్టము

ఇందులో ఏ దశయందును నొప్పి యుండదు. పంటికి పోటు వచ్చును, మోకాలికి సలుపు వచ్చును. మూత్రపిండము మాత్రము సగము శక్తి కోల్పోవువరకు పలుకక పని చేయుచునే యుండును. కాళ్లవాపు, ఆయాసము, అన్నహితవు లేకపోవుట కనబడునప్పటికి చాల భాగము నశించియే యుండును.

మనలో వ్యాపించిన మూడు భ్రమలను ఇచ్చట చెప్పవలసియున్నది.

మొదటిది: "మూత్రమునకు చీమలు పట్టలేదు గనుక నాకు చక్కెర లేదు" అనుట. ప్రాచీన వైద్యులు మూత్రపు తీయదనమును, దానికి చీమలు చేరుటను గమనించియే ఈ వ్యాధిని మధుమేహమనిరి. వారి గమనిక సత్యమే. కాని రక్తమున చక్కెర లీటరుకు సుమారు 10 మిల్లీమోల్, అనగా డెసిలీటరుకు 180 మిల్లీగ్రాముల లెక్క, దాటిన పిదపనే మూత్రమున కనబడును. పరగడుపున 7 మిల్లీమోల్, అనగా 126 మిల్లీగ్రాములు, ఉన్ననే మధుమేహమని వైద్యుల నిర్ణయము. ఈ రెండింటి నడుమ నున్నవానికి చీమలేమియు చెప్పజాలవు.

రెండవది: "మాత్రలవలన మూత్రపిండములు చెడును" అని మెట్‌ఫార్మిన్ మానివేయుట. ఆ మాత్ర మూత్రపిండములను చెరచదు. మూత్రపిండముల శక్తి బాగుగా తగ్గినపుడు వైద్యుడు దాని మోతాదు తగ్గించును, మరియు తగ్గినచో ఆపివేయును. ఇది మందు దేహమున నిలిచిపోకుండుటకు తీసికొను జాగ్రత్త. ఈ మాట విని మంచి దశయందే మాత్రలు మానినవాడు తాను భయపడిన కీడును తానే పిలుచుకొనుచున్నాడు.

మూడవది అన్నిటికంటె దారుణమైనది. ఇన్సులిన్ దేహమునుండి తొలగుట కొంతవరకు మూత్రపిండములద్వారానే జరుగును. అవి క్షీణించినకొలది ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి, చక్కెర తనంతట తాను తగ్గవచ్చును. పూర్వపు మోతాదే అధికమై కళ్లు తిరుగును, చెమటలు పట్టును. "నా చక్కెరవ్యాధి నయమైనది" అని యింటిల్లిపాదియు సంతోషించు సమయమున లోపల మూత్రపిండములు చివరి దశకు చేరుచుండవచ్చును. ఏండ్లతరబడి యున్న చక్కెర కారణము లేక తగ్గినచో పండుగ చేసికొనక, మొదట వైద్యుని చూడవలయును.

ఏటేట రెండు పరీక్షలు

నొప్పి చెప్పని సంగతిని పరీక్షలు చెప్పును. ఒకటి మూత్రపరీక్ష: ఆల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో పోల్చి చూచుట. ఆ పోలిక మిల్లీమోల్‌కు 3 మిల్లీగ్రాములకు లోబడియున్నచో మంచిది. దాటినచో మూడు నెలలలోపల మరల చేయించి నిర్ధారించుకొనవలయును, ఏలయన జ్వరము, కఠినమైన శ్రమ మొదలగువానివలన గూడ అది తాత్కాలికముగా హెచ్చును. రెండవది రక్తపరీక్ష: క్రియాటినిన్ కొలిచి దానినుండి వడపోతశక్తిని లెక్కగట్టుట. ఆ శక్తి 60 కంటె తగ్గి మూడు నెలలు నిలిచినచో మూత్రపిండవ్యాధి యున్నట్లే.

ఈ రెండింటిలో ఒకటి చాలదు. వడపోతశక్తి చక్కగా కనబడుచున్నపుడే ఆల్బుమిన్ జారుట మొదలిడవచ్చును. నడివయస్సున వచ్చు మధుమేహము గుర్తింపబడిన దినమునుండియే ఏటేట రెండును చేయించుకొనవలయును. ఏలయన గుర్తించుటకు కొన్నియేండ్ల పూర్వమే అది మొదలై యుండవచ్చును. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఆసుపత్రికి వెళ్లినపుడు "నా మూత్రమున ఆల్బుమిన్ చూచితిరా, డాక్టరుగారూ?" అని అడుగుటకు సంకోచింపవలదు.

ముందు చేసినదే మేలు

చక్కెరను అదుపున నుంచినంతమాత్రమున ఈ హాని తగ్గునా? ఈ ప్రశ్నకు బ్రిటనునందు 1977లో ఆరంభమైన ఒక మహాపరిశీలన జవాబు చెప్పినది. క్రొత్తగా వ్యాధి కనబడిన అయిదువేల పైచిలుకు మందిని, నడివయస్సువారే అధికులుగా, అందు చేర్చుకొనిరి. మూడు నెలల సగటు చక్కెరను తెలుపు లెక్క కొందరికి సుమారు 7 శాతమునను, ఇతరులకు 7.9 శాతమునను నిలిచినది. 1998లో ఫలితములు వెలువడగా, మొదటివారికి కన్ను, మూత్రపిండము మొదలగువాని సూక్ష్మనాళములకు కలుగు హాని నాలుగింట ఒకవంతు తక్కువగా నున్నట్లు తేలినది. పరిశీలన ముగిసిన పిదప ఇరువర్గముల చక్కెరయు సమానమైపోయినను, ఆ మేలు మాత్రము పదియేండ్ల తరువాతను నిలిచియుండెనని 2008లో ప్రకటించిరి. దీనివలన నేర్వదగినదేమనగా, తొలియేండ్లలో చేసిన జాగ్రత్తను దేహము మరువదు. తొలియేండ్లలో చేసిన అశ్రద్ధను గూడ మరువదు.

మందులును వృద్ధినొందినవి. లోసార్టాన్ వంటి పోటుమాత్రలు జల్లెడలోని ఒత్తిడిని తగ్గించి మూత్రపిండములను కాపాడునని 2001లో స్థిరపడినది. మరియొక జాతి మాత్రల కథ విచిత్రమైనది. 1835లో యూరపునందు ఆపిల్‌చెట్టు వేరుబెరడునుండి ఒక పదార్థమును వేరుచేసిరి. అది చక్కెరను మూత్రముగుండ వెడలించునని పిదప తెలిసినది. దాని మార్గముననే మన కాలమున డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మొదలగునవి తయారైనవి. నాళములు చక్కెరను, ఉప్పును అతిగా లాగుకొనకుండ ఇవి అడ్డుపడును; అందుచే ముందు చెప్పిన పొరబాటు సవరింపబడి జల్లెడపై ఒత్తిడి తగ్గును. 2019 మొదలుకొని వెలువడిన పరిశీలనలు వీనివలన మూత్రపిండములు క్షీణించు వేగము తగ్గునని చూపినవి. ఇవి అందరికిని సరిపడవు. వైద్యుని అడిగి తెలిసికొనవలసినవి.

మన యిండ్లలో, మన వ్రతములలో

పళ్లెమున తెల్లని అన్నము, ఫరాటాలు తగ్గించి కూరలు, పప్పు హెచ్చించుట, అలూదా వంటి తీపి పానీయములను పండుగలకే పరిమితము చేయుట, పచ్చళ్ల ఉప్పు తగ్గించుట, పొగ మానుట, దినమును నడచుట—ఇవి అందరెరిగినవే. ప్రసాదము వద్దనవలసిన పని లేదు. కన్నులకద్దుకొని చిటికెడు తీసికొనిన భక్తికి లోపము రాదు.

ఉపవాసమునకు ముందు మాత్ర ఒక సమస్య. గ్లిక్లజైడ్ వంటి మాత్రలుగాని, ఇన్సులిన్‌గాని పుచ్చుకొనువారు ఏకాదశినాడు వైద్యుని సలహా లేక నిరాహారముగా నుండరాదు. శివరాత్రికి గంగాతలావ్ వరకు నడచువారు నీరు చాలినంత త్రాగవలయును. నడకవలన ఒళ్లు నొచ్చినదని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమాత్రలు మింగుట, అందులోను దాహమున, పోటుమాత్రలపై మింగుట, మూత్రపిండములను ఒక్కపెట్టున దెబ్బతీయవచ్చును.

పెరటిమందుల విషయమునను జాగ్రత్త వలయును. బిలింబికాయల రసము గాఢముగా త్రాగినవారికి, అందలి ఆక్సాలిక్ ఆమ్లమువలన మూత్రపిండములు హఠాత్తుగా చెడిన సంఘటనలు కేరళమున వైద్యులు నమోదు చేసిరి. కరంబోలా పండు మూత్రపిండములు క్షీణించినవారికి విషమగును. ఎక్కిళ్లు, మతిభ్రమణము, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము గూడ కలుగును.

మూత్రపిండములు పూర్తిగా చెడినవారికి మన ప్రభుత్వ ఆసుపత్రులలో డయాలిసిస్ ఉచితముగా జరుగుచున్నది. అది గొప్ప ఉపకారమే. కాని వారమునకు మూడుమారులు, మారునకు నాలుగేసి గంటలు యంత్రమునకు కట్టుబడియుండు జీవితమును, దానితో కట్టుబడు కుటుంబమును తలచుకొనుడు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుటకంటె, ఒక సీసాలో కొంచెము మూత్రము, ఒక సూదిలో కొంచెము నెత్తురు ఇచ్చుట ఎంత సులువు!

సోదర సోదరీమణులారా, మీ యింట నలుబది దాటినవారెవరో, వారిలో గడచిన యేట ఈ రెండు పరీక్షలు చేయించుకొనినవారెవరో ఈ రాత్రి భోజనమువేళ అడుగుడు. చేయించుకొననివారిని ఈ నెలలోనే మీరే వెంటబెట్టుకొని వెళ్లుడు.