అచ్చుకు ముందు అగ్నిపరీక్ష

పరిశోధన చేయడం ఒక ఎత్తు, దాన్ని పేరున్న జర్నల్‌కు పంపి నెగ్గుకురావడం మరో ఎత్తు. ఈ రెండో విద్య నేర్పేవారు కరవవడంతో దొడ్డిదారి జర్నళ్ల పంట పండింది

'గౌరవనీయ ప్రొఫెసర్ గారికి' అంటూ మొదలవుతుంది ఆ ఈమెయిల్. అందుకున్నదేమో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్న విద్యార్థి. మీ విశిష్ట కృషి మా దృష్టికి వచ్చింది, రాబోయే సంచికలో ఒక్క వ్యాసానికి చోటుంది, వారంలో సమీక్ష, పది రోజుల్లో ప్రచురణ ఖాయం అన్నది సారాంశం. జర్నల్ పేరులో 'ఇంటర్నేషనల్' అన్న మాట దాదాపు తప్పనిసరి. రుసుం సంగతి ఎక్కడో అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అసలు ఉండకపోవచ్చు కూడా. దీనికి స్పందించేవారంతా మోసపోయిన అమాయకులనుకుంటే పొరపాటే. ఏం కొనుక్కుంటున్నారో తెలిసే కొనుక్కునేవాళ్లూ ఉన్నారు.

కారణం కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేదు. థీసిస్ సమర్పించేలోగా కనీసం ఒక పరిశోధన పత్రం ప్రచురితమై ఉండాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనల్లో షరతు పెట్టింది. మరుసటి ఏడాది అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు పాయింట్ల లెక్క తెచ్చింది. పత్రాలు పెరిగేకొద్దీ పాయింట్లు పెరుగుతాయి. అభ్యర్థి ఏం రాశారో చదివే తీరిక ఎంపిక కమిటీలకు లేనప్పుడు ఎన్ని రాశారో లెక్కపెట్టడమే సులువు. ఆ సులువు మీదే ఒక పరిశ్రమ లేచింది.

ఆ పరిశ్రమ చిరునామాల్లో హైదరాబాద్ ఒకటి కావడం మనకు గర్వకారణమేమీ కాదు. ఇక్కడి నుంచే వందలాది జర్నళ్లు నడిపిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సమీక్ష పకడ్బందీగా జరుగుతోందని, పేరున్న శాస్త్రవేత్తలు సంపాదకవర్గంలో ఉన్నారని నమ్మించి, రుసుం సంగతి మాత్రం పత్రం ఆమోదం పొందేదాకా దాచిందన్నది అభియోగం. సంస్థ దాన్ని ఖండించింది. అయినా 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ న్యాయస్థానం 5.01 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పిచ్చింది.

ఈ వ్యాపారం ఎంత గుడ్డిగా సాగుతుందో 2013లోనే ఓ పరీక్ష బయటపెట్టింది. 'సైన్స్' పత్రిక తరఫున జాన్ బోహానన్ అనే జర్నలిస్టు బూటకపు పత్రం ఒకటి తయారుచేశారు. లైకెన్ నుంచి తీసిన ఓ పదార్థం క్యాన్సర్ కణాలను అడ్డుకుంటుందన్నది అందులోని కథ. శ్రద్ధగా చదివే సమీక్షకుడెవరైనా పట్టేసే తప్పుల్ని కావాలనే చొప్పించారు. కల్పిత పేర్లతో దాన్ని 304 జర్నళ్లకు పంపితే 157 ఆమోదించాయి.

యూజీసీ వేసిన మందులు రోగం కన్నా విచిత్రంగా పనిచేశాయి. 2017లో ఆమోదిత జర్నళ్ల జాబితా ప్రకటిస్తే అందులో 30 వేలకు పైగా పేర్లు తేలాయి. విశ్వవిద్యాలయాల సిఫార్సుతో ఆ జాబితాకెక్కిన జర్నళ్లలో 1,009 ఎంచుకుని భూషణ్ పట్వర్ధన్ తదితరులు పరిశీలించారు. వాటిలో 88 శాతానికి పైగా నాసిరకం కావచ్చని 2018లో 'కరెంట్ సైన్స్'లో వెల్లడించారు. ఆ ఏడాది మేలో యూజీసీ ఒక్క ఊపున 4,305 జర్నళ్లను తొలగించింది. 2019లో 'కేర్' పేరిట కొత్త జాబితా వచ్చింది. అసలు జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్ నంబరు వాడుకుంటూ దొంగ వెబ్‌సైట్లు పుట్టుకొచ్చి దాన్నీ వదల్లేదు. చివరికి 2022 నవంబర్‌లో పీహెచ్‌డీకి ప్రచురణ తప్పనిసరి అన్న షరతే పోయింది. 2025 ఫిబ్రవరిలో కేర్ జాబితాను కూడా నిలిపివేసి, కొన్ని సూచనలు చేతికిచ్చి, ఏ జర్నల్ మంచిదో మీరే తేల్చుకోండంటూ విద్యాసంస్థలకు వదిలేశారు.

అంటే ఇప్పుడు ఆ విచక్షణ పరిశోధకుడికీ, అతని గైడ్‌కూ ఉండాలి. ప్రచురణ నైతికతపై 30 గంటల కోర్సును 2019 చివర్లో యూజీసీ ప్రవేశపెట్టింది. మంచిదే. కానీ పత్రాన్ని పంపడం, తిరస్కరణకు తట్టుకోవడం, సవరించి మళ్లీ పంపడం అనేవి ఈత లాంటివి. గట్టున కూర్చుంటే అబ్బవు.

మొదట తేల్చుకోవాల్సింది ఎక్కడికి పంపాలన్నది. దీన్ని ఆఖరి పనిగా పెట్టుకునేవారే ఎక్కువ. థీసిస్‌లోంచి ఓ అధ్యాయాన్ని కోసి, ముందొక పేరా వెనకొక పేరా అతికించి, ఎవరు తీసుకుంటారా అని వెతుకుతారు. అనుభవమున్న ఎడిటర్‌కు ఆ అతుకు మొదటి పేజీలోనే కనిపిస్తుంది. అధ్యాయానికి ముందూ వెనకా మిగతా అధ్యాయాల ఆసరా ఉంటుంది. పత్రానికి అది లేదు కాబట్టి ఒకే ప్రశ్న, ఒకే వాదన, దానికి తగిన ఆధారాలతో సొంతంగా నిలబడాలి. ఎంచుకున్న జర్నల్ గత రెండేళ్ల సంచికలు తిరగేస్తే అక్కడ ఏ చర్చ నడుస్తోందో, అందులో తాను కొత్తగా చెప్పగలిగింది ఏమైనా ఉందో లేదో తెలిసిపోతుంది. ఒకప్పుడు ఆ సంచికలు జిల్లా విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకు వచ్చేవే కావు. కేంద్ర ప్రభుత్వం మూడేళ్లకు రూ.6,000 కోట్లతో 2025లో మొదలుపెట్టిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పుణ్యమా అని సుమారు 13 వేల జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి.

తర్వాత 'రచయితలకు సూచనలు' అనే పేజీ. పెళ్లిచూపులకు ముందు జాతకాలు చూసినంత శ్రద్ధగా దీన్ని చదవాలి. సాంఘిక శాస్త్రాలవారు ముందుగా తలచే 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ' ప్రత్యేక వ్యాసానికి 8,000 పదాల పరిమితి పెట్టింది. పన్నెండు వేలు పంపితే కుదించి పెట్టే ఓపిక ఏ ఎడిటర్‌కూ ఉండదు. రచయిత ఎవరో సమీక్షకులకు తెలియకూడదనే జర్నళ్లకు పేరు, సంస్థ వివరాలు వేరే పేజీలో ఇవ్వాలి. అంత జాగ్రత్తపడ్డాక కూడా 'నా గత వ్యాసంలో నిరూపించినట్టు' అన్న ఒక్క వాక్యం చాలు, గుట్టు రట్టు కావడానికి. ఫైల్ ప్రాపర్టీస్‌లో మిగిలిపోయిన పేరైనా అంతే.

పత్రంతో పాటు వెళ్లే ఎడిటర్ లేఖను మనవాళ్లు సెలవు చీటీలా రాసేస్తారు. ఈ పత్రం ఏ ప్రశ్నకు జవాబిస్తోంది, ఈ జర్నల్ పాఠకులకు అది ఎందుకు పడుతుంది, ఇది మరెక్కడా పరిశీలనలో లేదు అనే మూడు సంగతులు అరపేజీలో ఉంటే చాలు. ఆ మూడోది లాంఛనం కాదు సుమా. ఒకే పత్రాన్ని ఒకేసారి నాలుగు చోట్లకు పంపడం ఉద్యోగ దరఖాస్తులకు చెల్లుతుంది, జర్నళ్లకు చెల్లదు. ఇక రచయితల వరుస. పరిశోధనలో గానీ రాతలో గానీ చేయిపెట్టని శాఖాధిపతి పేరు మర్యాద కోసం చేర్చడం మన దగ్గర మామూలైపోయింది. పేరుంటే పత్రంలో తప్పులకూ ఆయన బాధ్యుడేనన్న నియమాన్ని గుర్తుచేస్తే ఎంతమంది ఆ మర్యాద స్వీకరిస్తారో చూడాలి. ఈమధ్య మరో బేరం వచ్చింది. చాట్‌జీపీటీ లాంటి సాధనాలు రచయితలు కాలేవని స్ప్రింగర్ నేచర్ 2023 జనవరిలోనే తేల్చిచెప్పింది. వాడుకుంటే ఆ సంగతి పత్రంలో చెప్పాలన్నది ఇప్పుడు పెద్ద ప్రచురణకర్తల సాధారణ నియమం.

అరువు వాక్యాల విషయంలో 2018 నాటి యూజీసీ నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. పోలిక 10 శాతం లోపైతే శిక్ష లేదు, థీసిస్‌లో 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. దీంతో సాఫ్ట్‌వేర్ కన్నుగప్పేందుకు మాటలు అటూఇటూ మార్చే పనితనం పెరిగింది. ఆ మాటల గారడీకి పెట్టే శ్రమతో ఆ విషయాన్ని సొంత మాటల్లో ఆలోచించి రాయొచ్చు. ఈ లెక్క ఎవరూ వేసుకోరు.

పంపాక ఎదురుచూపులు. చాలా పత్రాలు సమీక్షకుల దాకా వెళ్లకుండా ఎడిటర్ బల్ల మీంచే తిరిగొస్తాయి. గడప దాటినవి ఇద్దరు ముగ్గురు సమీక్షకులకు వెళ్తాయి. సాధారణంగా జీతం భత్యం లేకుండా, తమ పనుల మధ్య చదివి చెప్పేవారు కాబట్టి నెలలు పడుతుంది. పది రోజుల్లో ప్రచురణ అంటే ఎవరూ చదవలేదని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్కటి తెలిస్తే చాలు. తిరిగి వచ్చే జవాబుల్లో 'భారీ సవరణలు అవసరం' అన్నది చూసి కుంగిపోయేవారున్నారు. నిజానికి అది శుభవార్తే. ఎడిటర్ తలుపు మూసేయలేదు.

తిప్పి పంపించుకున్నవారిలో ఎలాంటివారున్నారో చూడండి. బెర్నౌలీ సంఖ్యలపై శ్రీనివాస రామానుజన్ తొలి పత్రం 1911లో ఇండియన్ మ్యాథమేటికల్ సొసైటీ జర్నల్‌లో వెలువడేలోగా అది ఎడిటర్ ఎం.టి.నారాయణ అయ్యంగార్‌కూ ఆయనకూ మధ్య పలుమార్లు తిరిగింది. ఇతరులకు అందని క్లుప్తతే చిక్కు. సత్యేంద్రనాథ్ బోస్ పత్రానికి లండన్ 'ఫిలసాఫికల్ మ్యాగజైన్'లో మోక్షం దొరకలేదు. 1924లో దాన్ని ఆయన ఐన్‌స్టీన్‌కు పంపితే, ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించారు. అందరికీ ఐన్‌స్టీన్ దొరకడు. మిగతావారికి దిక్కు, సమీక్షకుల ప్రతి వ్యాఖ్యనూ వరుసగా రాసుకుని దాని కింద ఏం మార్చిందీ, మార్చకపోతే ఎందుకు మార్చలేదన్నదీ ఆధారంతో చెప్పే జవాబు లేఖే. సమీక్షకుడు పొరబడ్డాడనిపిస్తే ఆ మాట అనొచ్చు. అయితే అతనికి ఎందుకు అర్థం కాలేదో ముందు తన వాక్యంలోనే వెతుక్కోవడం మేలు.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఇదంతా రెట్టింపు బరువు. వాదన బలంగానే ఉన్నా ఇంగ్లిష్ చూసి గడప దగ్గరే ఆపేసే ప్రమాదముంది. 'భాష దిద్దిపెడతాం' అంటూ ప్రకటనలిచ్చే ఏజెంట్ల కన్ను వీళ్ల మీదే. తెలుగులోనే రాద్దామంటే పత్రికలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 1924 నుంచి 1991 దాకా వెలువడిన 'భారతి'లో శాసనాల మీద, సాహిత్యం మీద, భాష మీద రాసిన పండితులకు ఎవరూ పాయింట్లు వేయలేదు. తప్పు రాస్తే మరో పండితుడు ఖండిస్తాడన్న జంకు మాత్రం ఉండేది.

ఆ జంకును తిరిగి తెచ్చుకోవడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. విభాగంలోని అధ్యాపకులు, విద్యార్థులు నెలకోసారి కూర్చుని, పంపబోయే పత్రాన్ని పేరు తీసేసి చదివి, అనుమానాలు మార్జిన్లలో రాసివ్వాలి. దీనికి యూజీసీ సర్క్యులర్ రావాల్సిన పనిలేదు, నిధులూ అవసరం లేదు. చదివే తీరిక ఉన్న అధ్యాపకుడు ఒక్కరుంటే వచ్చే నెలలోనే మొదలుపెట్టొచ్చు.