దోర్నకల్ ఎపిఫనీ దేవాలయము: స్తంభాలు చేసే ప్రసంగము

గ్రామంలో దేవాలయము కట్టాలనుకున్నప్పుడు సంఘ పెద్దలు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు: ఎంతమంది కూర్చోగలరు? ఎంత ఖర్చవుతుంది? ఆ కట్టడము చూసేవారికి ఏమి బోధిస్తుంది అనే మూడవ ప్రశ్న అరుదు. ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి దోర్నకల్ మంచి ఉదాహరణ.

చరిత్ర

తమిళుడైన వి.యస్. అజరయ్యగారు 1909లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పక్షంగా ఇక్కడికి వచ్చారు. దోర్నకల్ అప్పుడు నిజాం రాజ్యంలోని చిన్న ఊరు. 1910లో ఎడింబరో మహాసభలో ఆయన మిషనరీల ఆధిక్య భావాన్ని బహిరంగంగా విమర్శించారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందారు. ఆయన కాపరిగా నడిపించిన విశ్వాసులలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగ దినాన, ఈ దేవాలయము ప్రతిష్ఠింపబడింది.

నిర్మాణము

ఇంగ్లాండు దేవాలయాల నమూనా ఇక్కడ కనబడదు. గుమ్మటాలు, మినార్లు మసీదును గుర్తుచేస్తాయి. లోపలి రాతి స్తంభాలు దక్షిణాది ఆలయ మండపాన్ని పోలి ఉంటాయి. వాటిపై చెక్కిన కమలము భారతదేశానికి, ఉమ్మెత్త పువ్వు మరణానికి, అరటి పువ్వు మరణము ద్వారా కలిగే జీవానికి గుర్తులు. అరటి చెట్టు గెల వేశాక నశిస్తుంది, దాని మొదట పిలక లేస్తుంది. యోహాను 12:24లోని గోధుమగింజ బోధను అరటితోటలో పనిచేసే కూలీకి వేరే వివరించనక్కరలేదు.

ఒక అభ్యంతరము

తమను అంటరానివారన్న వ్యవస్థకు చెందిన ఆలయ రూపాన్ని దళిత విశ్వాసులు ఎందుకు స్వీకరించాలి? ఇది న్యాయమైన ప్రశ్న. అయితే గుడి మెట్టు ఎక్కనివ్వని ప్రజలు ఇక్కడ అటువంటి స్తంభాల మధ్యనే కూర్చొని, ఒకే బల్లయొద్ద రొట్టె విరిచారు. ఆ రూపము వారి స్వాధీనమైంది. అయినా డప్పు, చెప్పులు కుట్టే ఆరె, మగ్గము వంటి వారి సొంత జీవితపు గుర్తులకు మన దేవాలయాలలో ఇంకా తగిన చోటు దొరకలేదు. అది మన తరము చేయవలసిన పని.

ముగింపు

ఏదో పట్టణపు మందిరము ఫోటో చూపి, పాత దేవాలయాన్ని కూల్చమని సంఘము అడిగినప్పుడు కాపరి తొందరపడకూడదు. ముందుగా వృద్ధులను కూర్చోబెట్టి, ఆ రాళ్లు ఎవరు మోశారో, ఎందుకలా కట్టారో అడిగి వ్రాసుకోవాలి. ఆ తరువాతనే కొత్త ప్లాను గీయించాలి.